చడావు మీద మోత

జగపతిరావు దొరకు ఆ కారు మీద ఉన్న మోజు కట్టుకున్న భార్య మీద కూడా లేదని జనగామలో చెప్పుకునేవాళ్ళు. సంఘం వాళ్ళకు భయపడి గడీకి తాళం వేసి హైదరాబాద్ పారిపోయిన ఈ మనిషి, పోలీసు చర్య జరిగిన మరుసటి యేడు పోలీసుల వెనకాలే తిరిగొచ్చాడు. ఉత్త చేతులతో రాలేదు. అక్కడ ఎవరో నవాబు వదిలించుకున్న ఫారిన్ కారొకటి వేసుకొచ్చాడు. దానికి క్లచ్చు లేదు, గేర్లు వాటంతట అవే మారతాయి. దొరకు ఆ సుఖం మహా నచ్చింది. తను చెయ్యి కదపకుండా పనులు జరిగిపోవడం ఆయనకు పుట్టుకతో వచ్చిన అలవాటు మరి.

నెల తిరక్కముందే కారు మొరాయించింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే కదిలేది. కొంత దూరం పోయి వేడెక్కిందంటే ఇంజను గొంతు చించుకునేది కానీ చక్రాలు వినిపించుకునేవి కావు. డ్రైవర్ కనకయ్య తోచిన వైద్యమల్లా చేశాడు. చివరికి గేర్‌బాక్సులో నూనె తగ్గిందని ఆముదం పోశాడు. బండి ఇరుసుకు పనికొచ్చింది కారుకెందుకు పనికిరాదని ఆయన నమ్మకం. ఆ మర్నాడు రెండెడ్లు కారును స్టేషన్ రోడ్డులో ఉన్న రాజలింగం షెడ్డుకు లాక్కొచ్చాయి. దారి పొడుగునా జనం నోరు మూసుకుని నవ్వారు.

రాజలింగానికి ఆ బండి కొత్త కాదు. యుద్ధం రోజుల్లో సికింద్రాబాద్ మిలిటరీ వర్క్‌షాపులో అలాంటి గేర్‌బాక్సులు విప్పి బిగించినవాడే. ఆముదం మొత్తం కార్పించి, లోపల కడిగి, వదులైన పట్టీ బిగించి, సికింద్రాబాద్ నుంచి తెప్పించిన అసలు నూనె పోశాడు. చేతులు పని చేస్తూనే ఉన్నాయి గానీ మనసు మాత్రం బోడగుట్టలో ఉంది.

బోడగుట్ట పాలకుర్తి రోడ్డు పక్కన గుట్ట మీది చిన్న ఊరు. రాజలింగం అక్క యాకమ్మను ఇచ్చింది ఆ ఊరికే. బావ పోయాక ఒక్కతే ఉంటోంది. దళంలో తిరుగుతున్న వాళ్ళ తమ్ముడు పోశాలు తొడకు తూటా తగిలి, ఆమె ఇంట్లో గడ్డివాము వెనక గదిలో పడి ఉన్నాడు. అటు పోలేని, ఇటు బతకలేని స్థితి. గాయం మానేదాకా వాడు పట్టుబడకుండా ఉంటే చాలునని రాజలింగం రోజూ మొక్కుకుంటున్నాడు.

ఆ ఊరికి కాపలా కాసింది తుపాకులు కాదు, చెవులు. మొదట్లో కింద రోడ్డు మీద ఏ బండి మోత వినిపించినా ఊరంతా ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెత్తేది. ముసలివాళ్ళు పడి కాళ్ళు విరగ్గొట్టుకున్నారు. పొయ్యి మీది అన్నాలు మాడిపోయాయి. అది చూసి కిందటేడు రాజలింగమే వాళ్ళకొక ఉపాయం చెప్పాడు.

"మోత ఇనంగనే ఉరకకున్రి. కింద తొవ్వల పోయే బండి మోత ఒక్క తీరుగ సాగుతది. మన చడావు ఎక్కే బండి నడుమల గేరు మార్చాలె. మార్చకుంటె ఏ బండీ ఎక్కది. మోత ఒక్కపారి ఆగి మల్ల లేచిందంటే మనకాడికొస్తున్నట్టు. గప్పుడు ఉరకున్రి."

చడావంటే గుట్ట మీదికి ఎక్కే దారి. ఆ మాట పట్టుకునే బోడగుట్ట ఇన్నాళ్ళూ బతికింది. లారీలు ఎన్నిసార్లు వచ్చినా ఊరు ఖాళీగానే కనిపించింది. మగవాళ్ళంతా మనిషెత్తు జొన్నచేలలో దూరి వాగు దాటిపోయేవాళ్ళు.

కారు సిద్ధమయ్యిందని తెలిసి దొర కనకయ్యను పంపాడు. అతనితో పాటు పోలీసు క్యాంపు జమేదారు అమర్‌సింగ్, తుపాకీతో ఒక జవాను వచ్చారు. అమర్‌సింగ్ నిజాం కాలంలోనూ జమేదారే. సర్కారు మారింది, టోపీ మారింది, ఆయన మాత్రం మారలేదు. దొర కారు ఇకమీద క్యాంపు పనికి కూడా వాడుకుంటారట. అందుకే ఆయన స్వయంగా చూడాలనుకున్నాడు.

"స్టార్టయితున్నది గదా, ఇంకేంది?" అన్నాడు జమేదారు.

"షెడ్డుల నిలవెట్టి చూస్తె దీని రోగం తెల్వది సాబ్," అన్నాడు రాజలింగం. "రోడ్డు మీద వేడెక్కాలె. వేడి మీద చడావు ఎక్కాలె. ఉన్నది లేనిది గప్పుడే బయటవడ్తది. రైలు గేటు కాడ జర ఎత్తున్నది, గక్కడ చూస్త."

"గదేం ఎత్తు? మేక గూడ దుంకుతది. బోడగుట్టకు పోదాం. మా లారీలన్నీ గక్కడ్నే మొత్తుకుంటయి."

రాజలింగం బానెట్టు మూశాడు. ఈ మాట ఊరికే అన్నాడా, ఉప్పంది అన్నాడా? కాదంటే ఎందుకు కాదన్నావని అడుగుతాడు. స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్కన కనకయ్య, వెనక జమేదారు, జవాను.

పాలకుర్తి రోడ్డెక్కాక రాజలింగం చెవులు వాటి పని అవి చేశాయి. మెల్లగా తొక్కితే గేరు తొందరగా మారాలి, గట్టిగా తొక్కితే ఆలస్యంగా మారాలి. మారిన ప్రతిసారీ వీపు వెనక ఎవరో చిన్నగా తోసినట్టు తెలియాలి, అంతే. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. నూనె బాగా వేడెక్కేదాకా తిప్పాడు. మాడిన వాసన లేదు, ఇంజను అరవడం లేదు. చేసిన పని ఇంత బాగా కుదిరినందుకు జీవితంలో మొదటిసారి ఆయనకు భయమేసింది.

ఎందుకంటే గుట్ట కింద మలుపు తిరగ్గానే ఆయనకు తట్టింది. ఈ కారుకు గేరు మార్చే డ్రైవరు అక్కర్లేదు. మోత ఆగదు. ఒక్క తీరుగా మూలుక్కుంటూ పైకి పోతుంది. ఎండు మిరపకాయలు ఏరుకుంటూ కూర్చున్న యాకమ్మ ఆ మోత విని, రోడ్డు మీద పోయే బస్సనుకుంటుంది. తను నేర్పిన పాఠమే ఆమెను కదలనివ్వదు. జమేదారు గడపలోకి వచ్చేదాకా పోశాలు మంచం మీదే ఉంటాడు.

కారు చడావు ఎక్కడం మొదలుపెట్టింది. సగం దూరం వచ్చింది. లారీలు ఆగి మూలిగే చోటు అదే. రాజలింగం ఇంకేమీ ఆలోచించలేదు. యాక్సిలేటరు మీది కాలు తీసేశాడు. మోత చటుక్కున పడిపోయింది. కారు వెనక్కి జారబోతుండగా బలమంతా పెట్టి తొక్కాడు. గుట్ట ప్రతిధ్వనించేలా ఇంజను లేచింది.

"ఏమైందిరా?" అన్నాడు జమేదారు ముందుకు వంగి.

"ఏం లేదు సాబ్. వేడి మీదున్న గేరును జర ఊపిరి పీల్సుకోనియ్యాలె. లేకుంటె ఆగమైతది."

కనకయ్య పెద్దమనిషిలా తలూపాడు. రాజలింగం మనసులోనే అక్కను అడిగాడు. వినపడిందా అక్కా? లేపినవా వాణ్ని? ఆ చడావు ఇంకా పొడుగుంటే బాగుండునని జీవితంలో ఏ డ్రైవరూ కోరుకోనిది కోరుకున్నాడు.

పైకెక్కగానే ఆయనకు ముందుగా కనిపించింది ఊరు కాదు, ఊరి వెనక చేను. కోసేశారు. మొన్న మొన్నటిదాకా మనిషెత్తు నిలబడిన జొన్న లేదు. కొయ్యకాళ్ళు మాత్రం ఉన్నాయి. వాగు దాకా అంతా బోడిగా, అరచేయిలా పరుచుకుని ఉంది. మిగతా మగవాళ్ళు అప్పటికే వాగు దిగిపోయారు. ఆ నేల మధ్యలో ఒక మనిషి ఒక కాలు ఈడ్చుకుంటూ పరిగెత్తుతున్నాడు.

"ఆపు! ఆపు!" అని అరిచాడు జమేదారు. కారు ఆగీ ఆగకముందే జవాను దూకాడు.

తుపాకీ రెండుసార్లు పేలింది. ఆ మనిషి ముందుకు పడ్డాడు. లేవడానికి చేతులు ఊని, మళ్ళీ పడ్డాడు. రాజలింగం స్టీరింగు వదల్లేదు. వదిలితే చేతులు ఏం చేస్తాయో ఆయనకే తెలియదు.

పోశాలును కాళ్ళు పట్టి ఈడ్చుకొచ్చి ఊరి ముందర పడేశారు. ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళను, ముసలివాళ్ళను చుట్టూ నిలబెట్టారు. ఇది క్యాంపు వాళ్ళ పద్ధతి. మన ఆడవాళ్ళు చచ్చినవాడిని వరస పెట్టి పిలిచి, వాడు పుట్టినప్పటి సంగతి నుంచి ఎత్తుకుని ఏడుస్తారు కదా, అందుకని శవం దగ్గర ఎవరు నోరు తెరిస్తే ఆ ఇల్లు దొరికినట్టే. ఊళ్ళకూ ఈ సంగతి తెలుసు.

యాకమ్మ నిలబడింది. ఆమె వేళ్ళకు మిరప గింజలు అంటుకుని ఉన్నాయి. తల్లి పోయాక తను ఎత్తుకుని పెంచిన తమ్ముడి ముఖం మీద ఈగలు వాలుతుంటే చూస్తూ నిలబడింది. ఒక్కసారి తల ఎత్తి, కారులో కూర్చున్న రాజలింగాన్ని చూసింది. వెంటనే చూపు దించుకుంది.

"వీడెవడో ఎరికేనా అవ్వా?"

"తెల్వదు అయ్యా," అంది యాకమ్మ.

"నీకు?" అన్నాడు జమేదారు రాజలింగం వైపు తిరిగి, ఊరికే అన్నట్టు.

"తెల్వది సాబ్."

ఎవరూ ఏడవలేదు. అమర్‌సింగ్ కాసేపు చూసి విసుక్కున్నాడు. కనకయ్య అందించిన బీడీ ముట్టించుకున్నాడు.

"తమాషా చూడు కనకయ్యా. నేనేం ఇండ్లు ఎతికే తలాషీకి రాలే. చడావు చూసి, జరన్ని నీళ్ళు తాగి మర్రి ఎనుకకు పోదామనుకున్న. కూసున్నోడు కూసుంటె వీడు ఒకడున్నడని నాకెట్ల తెలుస్తుండె? వాడే ఉరికొచ్చి సచ్చిండు."

ఆ మాట రాజలింగం చెవిలో పడింది. పడి, ఇక అక్కడి నుంచి బయటికి రాలేదు.

శవాన్ని కారు డిక్కీలో వేయించారు. క్యాంపులో చూపించాలి కదా. "బరువుతో గూడ చూసినట్టయితది, నడువు," అన్నాడు జమేదారు. రాజలింగం నడిపాడు. తమ్ముడి బరువుతో కారు ఇంకా నిదానంగా, ఒద్దికగా దిగింది. ఒక్క గేరూ తప్పలేదు.

శవాన్ని క్యాంపులో దించి వచ్చాక, గడీ ముందర దొర ఎదురొచ్చాడు. "ఎట్లున్నదిరా బండి?"

రాజలింగం దిగి చేతులు తుడుచుకున్నాడు. కనకయ్యే చెప్పాడు. "మక్ఖన్ లెక్క మెత్తగ పోతున్నది దొరా. మేస్త్రీ చేతుల మహిమ."

ఆ రాత్రి నుంచి రాజలింగం సరిగా అన్నం తినలేదు. బోడగుట్టకు పోయే ధైర్యమూ రాలేదు. అక్కకు ఏమని చెప్పాలి? నేను మోత ఆపకపోతే వాడు బతికేవాడని చెప్పాలా? వానలు మొదలై, చేలు మళ్ళీ పచ్చబడ్డాయి. ఒకనాడు కనకయ్య నూనె చూపించుకోవడానికి కారు తెచ్చాడు.

"మీరు జేసినట్టే జేస్తున్న మేస్త్రీ," అన్నాడు గర్వంగా. "ఏ చడావొచ్చినా నడుమల కాలు దీసుడు, మల్ల తొక్కుడు. గేరుకు ఊపిరి అందాలెగదా. జమేదారు సాబు తొందర వెడ్తడు. బండి ఆగమైతే నాకెరుక లేదని చెప్పిన. ఇగ నోరు మూసుకున్నడు."

రాజలింగం చేతిలోని పానా పక్కన పెట్టాడు. కనకయ్య పోయిన వెంటనే షెడ్డు మూసి, నడుచుకుంటూ బోడగుట్టకు బయలుదేరాడు.

యాకమ్మ గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. బాగా చిక్కిపోయింది. అతన్ని చూసి చాట పక్కన పెట్టింది.

"అక్కా, గా దినం మోత ఆపింది నేనే," అన్నాడు నిలబడే. ఇంక దాచుకోలేకపోయాడు. "ఊకుంటె వాళ్ళు మర్రిపోతుండిరి."

"నిన్ను స్టీరింగు కాడ చూసినప్పుడే తెలిసింది," అంది యాకమ్మ. "నా తప్పేం తక్కువనా? చేను కోసిన్రని నాకెరికే. అయినా మోత ఆగంగనే వాని రెక్క వట్టి గుంజి లేపిన. 'కాలు నొస్తున్నదక్కా' అన్నడు. నొచ్చినా ఉరుకమని బయటికి నూకిన."

యాకమ్మ చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"కారు ఇప్పటికీ వస్తున్నది," అంది తర్వాత, గొంతు తగ్గించి. "వచ్చినప్పుడల్ల చడావు మీద మోత ఆగి లేస్తున్నది. నువ్వే ఏదన్న చేసినవనుకున్న. మొన్న వాగు దాటి ముగ్గురు బతికిన్రు."

"ఏడ్చినవా అక్కా?"

"ఎక్కడ ఏడుస్త? దొర చెవులు ఊరి నిండ ఉన్నయి. యాకమ్మ దేనికేడుస్తుందని అడుగరా?"

అప్పుడే గుట్ట కింద మోత మొదలైంది. ఇద్దరూ తల ఎత్తారు. మోత దగ్గరయ్యింది, ఒక్కసారిగా పడిపోయింది, మళ్ళీ లేచింది. ఊళ్ళో తలుపులు ధడధడ కొట్టుకున్నాయి. దొర మనుషులు కారుకు ఎదురుపోయారు, మిగిలినవాళ్ళు చేలోకి పోయారు. క్షణంలో వీధి ఖాళీ అయ్యింది.

"నువ్వు గూడ ఉరుకు," అంది యాకమ్మ అతని రెక్క పట్టి గుంజుతూ.

వెనక తలుపులోంచి రాజలింగం పరిగెత్తాడు. కొత్త జొన్న అప్పుడే నడుము దాకా వచ్చింది. తమ్ముడు పడిన చోటు దాకా వచ్చి వంగి కూర్చున్నాడు. ఇంటి వైపు నుంచి అక్క గొంతు వినిపించింది. పోశాలూ, నా చిన్న తమ్ముడా, తల్లి లేని కొడుకా అని, పుట్టిన నాటి నుంచి ఎత్తుకుని, ఇన్ని నెలలు మింగినదంతా బయటపెట్టి ఏడుస్తోంది. ఖాళీ ఊళ్ళో వినేవాళ్ళు లేరు. ఇంజను మోత ఆమె గొంతును కప్పుతోంది. మోత ఆగి లేచినప్పటి నుంచి కారు గడప ముందుకు వచ్చేదాకా, ఆ కాస్సేపే ఆమెకు ఏడ్చుకోవడానికి దొరుకుతోందని రాజలింగానికి అర్థమయ్యింది.

కారు ఊళ్ళోకి వచ్చి ఆగింది. దానితో పాటే ఏడుపూ ఆగింది. తలుపు తెరిచి మూసిన చప్పుడు అయ్యింది.

"జర నీళ్ళియ్యవ్వా," అన్నాడు జమేదారు.

ఇంట్లో చెంబు కడవకు తగిలిన చప్పుడు చేలోకి వినిపించింది.