రొట్టె కాల్చే కృపామణి

"అత్తా! వస్తా ఉండాదంట! చిత్తూరమ్మ వస్తా ఉండాదంట!"

కోడలు నందిని ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో చెప్పులు పట్టుకుని ఇసుకలో పరుగెత్తుకొచ్చింది. స్వర్ణముఖిలో మోకాలి లోతున నిలబడి కలంకారీ గుడ్డ జాడిస్తున్న కృపామణి నడుము నిటారుగా ఎత్తింది.

"ఎవురు, చంద్రకాంతమ్మక్కా?"

"ఆమే. బస్సెక్కేసిందంట. నువ్వు యాడుంటావని అడిగింది. ఇంగ యాడుంటుంది, ఏట్లోనే అంటి."

నవంబరు వానలకు ఏరు నిండుగా పారుతోంది. చేపపిల్లలు కృపామణి చీలమండలను గిల్లుతున్నాయి. కరక్కాయ మరకలతో పసుపెక్కిన గోళ్లు, నాని తెల్లబడ్డ అరిచేతులు. ఆ చేతులతోనే ముఖం తుడుచుకుని, చేపలు చక్కిలిగిలి పెట్టినందుకో, మరెందుకో, చిన్నపిల్లలా నవ్వింది. మరుక్షణమే ఆ నవ్వు ఆగిపోయింది. తిట్టడానికి వస్తోందేమో!

పెళ్లయిన కొత్తలో వాళ్లిద్దరూ ఈ రేవులోనే కలిసి పనిచేసేవాళ్లు. చంద్రకాంతమ్మ భర్త మునివెంకటప్ప బెల్లం నీళ్లలో పాత ఇనుము ఊరబెట్టి కసిమి అనే నల్లరంగు చేసేవాడు. దాంతో గీసిన గీత చెదరదని పేరు. ఒకరోజు గట్టు మీదికి కృపామణి భర్త సుబ్బన్న వచ్చాడు. పెళ్లి చొక్కా తొడుక్కుని, చేతిలో మిరపకాయ బజ్జీల పొట్లంతో, దూరం నుంచే కనుబొమలు ఎగరేశాడు. పారే నీళ్లలో పరవాల్సిన గుడ్డను కృపామణి మడతల మీదే నిలవనీళ్ల గుంటలో వదిలేసి గట్టెక్కింది. బజ్జీలు తిని, కబుర్లాడి దిగేసరికి నలుపంతా పాకిపోయింది. పని ఇచ్చే యజమాని గద్దిస్తే భయపడి, కసిమే మంచిది కాదనేసింది.

"ఏమప్పా, బెల్లం కుండలో ఏసినావా, కడుపులో ఏసినావా?" అని ఊరు ఊరంతా మునివెంకటప్పను ఆటపట్టించింది. ఆ నవ్వులు పడలేక ఆయన భార్యతో చిత్తూరు వెళ్లిపోయి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరాడు.

తర్వాత కృపామణి యజమానికి నిజం చెప్పింది. చర్చిలో మోకరించి ఏడ్చింది. చిత్తూరుకు కబుర్లు పంపింది. జవాబు లేదు. తగువు తీర్చుకోనివాళ్లు ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనలో, పాలు పుచ్చుకోకూడదని వాళ్ల చర్చిలో పట్టింపు. బల్లకు పులియని రొట్టె కాల్చేది ఆమే. మాడకుండా, పొంగకుండా, తెల్లగుడ్డలో చుట్టి పంపేది. తాను మాత్రం వెనక బెంచీలో తలవంచుకుని కూర్చునేది. "దేవుడు క్షమించాడమ్మా, రా" అని పాస్టరు పిలిస్తే, "ఆయన క్షమించినాడయ్యా. ఆ యక్క క్షమించలేదే" అనేది.

మధ్యాహ్నం చంద్రకాంతమ్మ వచ్చింది. గట్టు మీద ఆగకుండా, చీర తడుస్తున్నా లెక్కచేయక నేరుగా నీళ్లలోకి దిగి, గుడ్డ రెండో కొస పట్టుకుంది.

"ఏమ్మే, ఇంత లావైనావే! బజ్జీలు మానలేదా?"

కృపామణికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అక్కా, ఆ పొద్దు నేను..."

"తెలుసులే. మచ్చ మడతమడతకీ అచ్చు గుద్దినట్టు ఉన్నింది. ఇది నిలవనీళ్ల పనే అని మా ఆయప్ప చూడంగానే చెప్పినాడు."

"మరి ఎందుకు చెప్పలా?"

"కొత్త పెళ్లికూతురు, పనిలో నుంచి తీసేస్తారు, పోనీ అన్నాడు. ఆయన ఆ పొద్దే క్షమించినాడు. నావల్లే కాలా. నిన్ను తిట్టుకుంటా బల్లకాడికి పోలేక ఆడ నేనూ ఎనక బెంచీలోనే."

"నువ్వు కూడానా?"

"మనిద్దరి రొట్టెముక్కలూ ఇన్నేండ్లుగా ఎవురు తినేసినారో!"

ఇద్దరూ గుడ్డ వదలకుండానే పడీపడీ నవ్వారు. నవ్వు సద్దుమణిగాక కృపామణి మెల్లగా అడిగింది. "అన్న ఎట్లుండాడక్కా?"

చంద్రకాంతమ్మ గుడ్డ మీది నెమలిని బొటనవేలితో రుద్దింది.

"పోయిన నెల నిద్దట్లోనే ప్రభువు పిలుసుకున్నాడు. ముందురోజు కూడా అడిగినాడు, కృప ఇంకా ఏట్లోనే నిలబడుకోనుంటుందా, కాళ్లు నొప్పులేమో అని. ఆ మాటకి నా కోపం చచ్చిపోయింది మే." గుడ్డ కొసను మళ్లీ బిగించి పట్టుకుంది. "నేనూ క్షమించేసినా. ఇంగ నిన్ను నువ్వే క్షమించుకోవాల."

కృపామణి నీళ్లలోకి వంగింది. గుడ్డను పారే నీళ్లలో పరిచింది. నల్లటి గీతలు చెదరకుండా నిలిచాయి.

ఇంట్లో వేడి కాఫీ తాగి, కృపామణి ఇచ్చిన పొడిచీర ఒకటి కట్టుకుని, చంద్రకాంతమ్మ సాయంత్రం బస్సెక్కింది. రేపు ఆదివారం కదా, చిత్తూరు చర్చిలో ముందు బెంచీలో కూర్చోవాలట. బస్సు మలుపు తిరిగేదాకా చేయి ఊపి వచ్చి, కృపామణి పిండి డబ్బాను కోడలి ముందుకు జరిపింది.

"రేపు రొట్టె నువ్వు కాల్చు నందినీ. నేను తినేదాన్నిగా పోతా."

పెరట్లో దండెం మీద, చంద్రకాంతమ్మ మరిచిపోయిన నీలం చీర కొంగునుంచి ఏటినీళ్లు ఇంకా ఒక్కో బొట్టే కారుతున్నాయి.