సగం గొరిగిన తల

నేను ఒక ట్రిమ్మర్‌ని. తలలు గొరగడం నా పని. ఎక్కడో ఫ్యాక్టరీలో వేలమంది తోబుట్టువులతో పుట్టి, అట్టపెట్టెలో చీరాల చేరి, నాగభూషణం సెలూన్‌లో కొలువు సంపాదించుకున్నాను. జుట్టు తీయించుకోగానే తమ బుద్ధి కూడా మారిపోయిందనుకునే మనుషుల్ని చూసి చాలాసార్లు నవ్వుకున్నాను.

నాగభూషణానికి ఇద్దరు పిల్లలు. వేణు పదో తరగతి, సరయు తొమ్మిదో తరగతి. ఇద్దరిదీ ఒకే స్కూలు. ఆదివారం రద్దీలో సరయు కూడా నన్ను పట్టేది. తండ్రికంటే నెమ్మదైన చెయ్యి.

ఆటల పోటీలో సరయు కిందపడినప్పుడు అక్కడే చదివే కౌశిక్ అనేవాడు దొంగచాటుగా ఫోటో తీశాడు. దానికింద చెప్పుకోలేని రాతలు రాసి పిల్లలందరికీ పంపాడు. వాడు ఆ స్కూలు కరస్పాండెంటు మేనల్లుడు. సరయు వెళ్లి చెప్పుకుంటే హెడ్మాస్టరు, "ఆడపిల్లవి, నువ్వే జాగ్రత్తగా ఉండాలమ్మా" అని పంపేశాడు. సెలూన్‌లో కూర్చుని ఆమె ఆ మాట చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. నాగభూషణం షట్టరు దించేశాడు. వేణు మాత్రం చప్పుడు చేయకుండా నన్ను తీసి బ్యాగులో వేసుకున్నాడు.

మర్నాడు స్కూలు వదలగానే వేణు, అతని స్నేహితులు కౌశిక్‌ని ఆటసామాను గదిలోకి ఈడ్చుకుపోయారు.

"ఇవాళ జడ్జీలం మేమేరా!" అంటూ వేణు నన్ను ఆన్ చేశాడు.

కౌశిక్ ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. సగం తల గొరిగేదాకా కసిగానే తిరిగాను. అప్పుడు చూశాను, స్నేహితుల్లో ఒకడు వీడియో తీస్తూ పగలబడి నవ్వుతున్నాడు. సరయు ఫోటో చూసిన వాళ్లు కూడా ఇలాగే నవ్వి ఉంటారు.

ఎవరు చెప్పారో, సరయు పరుగున వచ్చింది.

"ఎవరికోసం అన్నయ్యా ఇదంతా?"

"నీకోసమేనే!"

"నన్నడిగావా? నా పేరు చెప్పి మీరు ఆడుకుంటున్నారు!"

ఫోన్ లాక్కుని వీడియో చెరిపేసింది. నన్ను అందుకుంది. కౌశిక్ ముడుచుకుపోయాడు.

"కదలకు. ఈ సగం తలతో బయటికెళ్తే రేపు నీ ఫోటో తిరుగుద్ది. అదెట్టా ఉంటదో నాకు తెలుసు."

మిగతా సగం నున్నగా తీసింది. "ఇప్పుడు పద. చేసింది నీ నోటితో చెప్పు."

ఇంతలో హెడ్మాస్టరే వచ్చాడు. గుండు చూశాడు, సరయు చేతిలో నన్ను చూశాడు. ఇంకేమీ అడగలేదు. "గొరిగింది నేను సార్!" అని వేణు అరిస్తే, "నోర్ముయ్! ర్యాంకు తెచ్చేవాడివి నువ్వు" అని కసిరాడు. నన్ను తన టేబుల్ సొరుగులో పడేసి, సరయుకి టీసీ రాసిచ్చాడు.

మర్నాడు ప్రార్థనవేళ సొరుగులో ఉన్న నాకు మైకులో కౌశిక్ గొంతు వినబడింది.

"ఆ ఫోటో తీసింది నేను. రాతలు రాసింది నేను. సరయు..."

టక్కున మైకు ఆగిపోయింది. వాడు ఆగలేదు, గొంతు చించుకుని చెప్పాడు. వెనక వరసలకు వినబడకపోతే ముందువరసల పిల్లలు అందించారు. "సరయు తప్పేం లేదంట!" ఆ మాట వరస దాటి వరస గేటుదాకా పోయింది. అప్పటిదాకా తండ్రితో బయట నిలబడ్డ సరయు గేటు తోసుకుని లోపలికి వచ్చిందని తరవాత అటెండరు చెప్పుకుంటుంటే విన్నాను.

స్కూలంతా వినేశాక ఇక తప్పక టీసీ చించేశారు. వేణు చెల్లెలికి క్షమాపణ చెప్పుకున్నాడట. హెడ్మాస్టరు మాత్రం ఇంతవరకూ ఆ పిల్లతో తప్పయిందనలేదు. సొరుగు తెరిచినప్పుడల్లా నన్ను చూసి గబుక్కున మూసేస్తాడు. నాలో ఛార్జింగ్ ఎప్పుడో అయిపోయింది. కోపం అయిపోలేదు.