మంజీర ఒడ్డున రెండు లెన్సులు

బాన్సువాడ బస్టాండు పక్క సందులో ఫోటో స్టూడియో నడుపుకునే శ్రావ్యకు ఆ శనివారం కాళ్లు నేల మీద నిలవడం లేదు. నిజామాబాద్‌లో పాత కెమెరా సామాన్లు అమ్మే సాంబమూర్తి ఆమె ముందు రెండు లెన్సులు పెట్టాడు. రెండూ ఎవరో వాడి అమ్ముకున్నవే. ఒకటి ఆరు వందల మిల్లీమీటర్ల జూమ్, ముంజేతంత పొడవు. ఏటి అవతల గట్టు మీద వాలిన పిట్టను కూడా కంటి ముందుకు లాక్కొస్తుంది, కాకపోతే వెలుతురును మాత్రం పిసినారిలా కొంచెం కొంచెంగా లోపలికి రానిస్తుంది. రెండోది రెండు వందల లెన్సు. దానికి అంత దూరం అందదు. కానీ అద్దం గిన్నెంత వెడల్పుగా ఉంది, మసక వెలుతురులో పరుగెత్తే మనిషిని కూడా ఉన్నచోటే పట్టి నిలబెడుతుంది. కొత్తవాటి ధర అడిగే ధైర్యం లేదు. ఈ పాతవాటిలో కూడా ఒక్కటే కొనగలరు.

కొనేది ఇద్దరు కలిసి. రెండో మనిషి సోని. పిట్లం దగ్గరి తండాలో పుట్టి, ఆ చుట్టుపక్కలే ఒక ఆడపిల్లల బడిలో ఆటల టీచరుగా చేస్తోంది. పోయినేడు కబడ్డీ జట్టుకు గ్రూప్ ఫోటో తీయించడానికి వచ్చినప్పటి నుంచి ఇద్దరికీ స్నేహం కుదిరింది.

"నాకైతే పిల్లలు కూతకు పోయేటప్పటి ఫోటోలు గావాలె. రెండు వందలదే తీస్కుందాం" అంది సోని.

"అక్కా, మంజీర మీదికి పిట్టలొచ్చే కాలం గిదే. ఎండలు ముదిరితే అవి పోతయి. ఆరు వందలదే మంచిగుంటది."

"నీ పిట్టలేమన్న కప్పు గెలుస్తయా?"

సాంబమూర్తి పకపకా నవ్వాడు. "మీ పంచాయితీ ఈడ తెగేటట్టు లేదు. రెండూ కొండవోండ్రి. వాడి చూసి సోమవారం ఒకటి వాపస్ తేండ్రి."

ఆ సాయంత్రమే పిట్లంలో సోని పిల్లల ఫైనల్ మ్యాచ్. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి, ఆపైన తీరిగ్గా మాట్లాడాడు. కూత మొదలయ్యేసరికి పొద్దుగూకింది. గ్రౌండు చుట్టూ కట్టిన లైట్లు మనుషుల మొహాలు గుర్తుపట్టడానికే చాలీచాలకుండా వెలుగుతున్నాయి. శ్రావ్య మాత్రం పంతం కొద్దీ ఆరు వందల లెన్సే బిగించింది. పిట్టల్ని పట్టేది పిల్లల్ని పట్టలేదా అనుకుంది. మొదటి ఫోటో చూసుకుంటే సోని జట్టు కెప్టెన్ సహజ మొహం ఉండాల్సిన చోట తెల్లటి పొగలాంటిది కనిపించింది. కెమెరాలో వెలుతురు పెంచి చూసింది. ఫోటో మొత్తం ఇసుక చల్లినట్టయింది. ఏం చేసినా ఒకటి అలికిపోతోంది, లేకపోతే గరుకైపోతోంది.

"శ్రావ్యా! గా పెద్దది తీసెయ్యే!" గ్రౌండు గీత అవతలి నుంచి సోని అరిచింది.

శ్రావ్య గబగబా లెన్సు మార్చింది. రెండు జట్ల పాయింట్లూ సమానంగా ఉన్నాయి. ఆఖరి కూతకు సహజ వెళ్లింది. అవతలి జట్టు అమ్మాయిలు గొలుసులా చేతులు పట్టుకుని ఆమెను మూలకు తోసుకొచ్చారు. అయిపోయింది, దొరికిపోయింది అని జనం లేచి నిలబడ్డారు. సరిగ్గా అప్పుడు సహజ గాల్లోకి ఎగిరింది. పట్టుకున్న చేతుల మీదుగా, కాళ్లు ముడుచుకుని, నడిమి గీత వైపు. శ్రావ్య వేలు బటన్ మీది నుంచి లేవలేదు. టకటకటకా కెమెరా మోగుతూనే ఉంది.

సహజ గీత తాకింది, సోని జట్టు గెలిచింది. ఈలలతో గ్రౌండు దద్దరిల్లింది. సోని పరుగెత్తుకొచ్చి కెమెరా వెనక తెర మీదికి వంగింది. సహజ గాల్లో ఆగిపోయి ఉంది. విప్పారిన కళ్లు, పైకి లేచిన జడ, పాదాల నుంచి రాలుతున్న మట్టి, అన్నీ కనిపిస్తున్నాయి. శ్రావ్య పెళ్లిళ్లలో దండలు మార్చుకునే ఫోటోలు వేలకు వేలు తీసింది గానీ గుండె ఇలా కొట్టుకోవడం ఆమె ఎరగదు.

"అక్కా, నువ్వే గెలిచినవ్. గిదే తీస్కుందాం."

తెల్లవారి ఇద్దరూ స్కూటీ మీద మంజీర ఒడ్డుకు వెళ్లారు. నీళ్ల మీద పొగమంచు అప్పుడే విడుతోంది. పిట్టలంటే సోనికి పెద్దగా పట్టింపు లేదు, మాట ఇచ్చింది కదా అని వచ్చిందంతే. ఆరు వందల లెన్సు బిగించిన కెమెరాను స్టాండు మీద పెట్టి శ్రావ్య ఆమెను చూడమంది.

సోని కన్ను ఆనించింది.

"ఓ యమ్మా! గా కొంగ రెప్ప గొడుతుందే! ముక్కుకొసకు నీటిచుక్క సుత కానొస్తుంది!"

ఇక ఆమె కెమెరా వదిలితే ఒట్టు. పసుపు ముక్కు కొంగలు, బాతుల గుంపులు, ఎక్కడో ఇసుక దిబ్బ మీద ఎండ కాచుకుంటున్న నీటికాకి, వేటినీ విడవకుండా వంతులవారీగా పలకరించి వచ్చింది.

"రెండు వందలది వాపస్ ఇచ్చేద్దాం. గిదే మనది" అంది చివరికి.

శ్రావ్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "రాత్రే గదా ఒప్పుకున్నం?"

"రాత్రి నేను కొంగను సూడలే!"

అంతలో వాళ్ల ముందు నీళ్ల మీద నలుపూ తెలుపూ మచ్చల లకుముకి పిట్ట ఒకటి గాల్లో ఒకేచోట నిలబడి రెక్కలు ఆడించసాగింది. శ్రావ్య కెమెరా అందుకుంది. పిట్ట రాయిలా కిందికి పడింది. ఆరు వందల లెన్సులో దాన్ని వెతికి పట్టుకునేలోపే అది నీళ్లలో మునిగి తేలి వెళ్లిపోయింది. అలా మూడుసార్లు జరిగింది. తెర మీద ప్రతిసారీ ఖాళీ నీళ్లే మిగిలాయి.

శ్రావ్య లెన్సు మార్చింది. చున్నీ నడుముకు బిగించి ఒడ్డున బురదలో బోర్లా పడుకుంది. మోచేతుల మీద రెల్లు మధ్యగా పాక్కుంటూ ముందుకు జరిగింది. చల్లటి బురద బట్టల్లోంచి పొట్టకు తగిలింది. పిట్ట ఆమెను పట్టించుకోలేదు. మళ్లీ గాల్లో నిలబడింది, మళ్లీ పడింది. ఈ లెన్సులో చుట్టూ ఎక్కువ మేర కనిపిస్తుంది, పిట్ట ఎటు పడినా చట్రం లోపలే ఉంది. శ్రావ్య ఊపిరి బిగపట్టి నొక్కింది.

ఫోటోలో నీళ్లు పగిలిన గాజులా పైకి లేచి ఉన్నాయి. వాటి మధ్య నుంచి ముక్కున చేపతో పిట్ట పైకొస్తోంది. తెర మీద పెద్దది చేసి చూస్తే చేప పొలుసులు కూడా మెరుస్తున్నాయి.

"అక్కా! అక్కా! వచ్చింది! పట్టిన!" శ్రావ్య బురదలోనే ఎగిరింది.

సోని ఆ ఫోటోను చాలాసేపు చూసింది. తర్వాత స్టాండు పక్కనున్న పెద్ద లెన్సును చూసి నిట్టూర్చింది.

"దూరముంటే గిట్ల పాక్కుంట పోతం గని, ఎల్తురు లేకుంటే ఏం జేస్తం? నిన్న సహజ మొహం కానరాలే గద. సరే తియ్, రెండు వందలదే."

అక్కడి నుంచే సాంబమూర్తికి ఫోన్ చేశారు. ఆయన సంతోషపడి ఇంకో మాట చెప్పాడు. "కెమెరాకు లెన్సుకు నడుమ తగిలించేది చిన్న ముక్క ఒకటుంటది. కొంచెం ఎల్తురు తింటది గని ఇంకింత దూరం లాగుతది. పాతది దొరికితే మీకోసం పక్కకు పెడత."

సోని మొహం వెలిగిపోయింది. ఫోన్ పెట్టేసి, పెద్ద లెన్సును పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుంది.

"రేపటిదాక గిది మనదే గద? పా, కొంగలు ఎగిరిపోకముందే!"

చెప్పులు చేత పట్టుకుని నీళ్ల అంచు వెంట ఆమె పరుగు లంకించుకుంది. బురద ఓడుతున్న బట్టలతో శ్రావ్య కూడా నవ్వుతూ వెనకాలే పరుగెత్తింది.