వదిన ఫొటోకి దండ

ఉల్లిపాయలు తరుగుతున్న భాగ్యశ్రీ చేతిలో కత్తి ఆగిపోయింది. ముందు గదిలో టీవీలోంచి ఒక ఆడగొంతు అంటోంది.

"కూరల ఉప్పు తక్కువైతే అందరడుగుతరు. ఇంట్ల మనిషి తక్కువైతే ఎవ్వరడగరు."

అది తన మాట. పోయిన నెలలో, ఆ సీరియల్ మాటలు రాసే కృపాకర్ ఇంట్లో టీ తాగుతూ, ఏదో విసుగులో అన్న మాట. అప్పుడు కృపాకర్ నవ్వి ఊరుకున్నాడు. ఇప్పుడు అదే మాట సీరియల్లో వదిన అంటుంటే, భాగ్యశ్రీ అత్తగారు కృష్ణమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"ఎంత మంచిగ చెప్పిందే పిల్ల. నువ్వు గూడ నాటకాలేస్తవు గదా, గిట్ల ఎన్నడన్న చెప్పినవా?"

"అది నా మాటే అత్తమ్మా."

"అవ్ లే. టీవీల వచ్చేటియన్నీ నీ మాటలే."

భాగ్యశ్రీ మళ్లీ కత్తి పట్టుకుంది. కళ్లు మండుతున్నాయి. ఉల్లిపాయలు ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఎందుకని అడిగేది ముసలామె.

కృపాకర్ హుస్సేనీ ఆలంలో ఒక పాత ఇంటి మేడ మీద ఉంటాడు. ఒకప్పుడు ఏడాదికి ఒక్క నాటకం రాసేవాడు. రాసిన ప్రతి నాటకాన్నీ మొట్టమొదట భాగ్యశ్రీకే చదివి వినిపించేవాడు. ఆమె కరెంటాఫీసు నుంచి నేరుగా వచ్చి, చెప్పులు మెట్ల దగ్గర విడిచి, కిటికీ పక్కన కూర్చునేది. ఎక్కడ ఆమె ముఖం చిన్నబోతే అక్కడ పేజీ కొట్టేసేవాడు. ఇది వాళ్ల నాటక సమాజంలో అందరికీ తెలిసిన సంగతే. భాగ్యమ్మ వినందే కృపాకరన్న నాటకం బయటికి రాదనేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా భాగ్యశ్రీకి పట్టుచీర కట్టుకున్నంత సంబరంగా ఉండేది.

తరవాత అతనికి టీవీ పని వచ్చింది. కథ ఛానల్ ఆఫీసులో తేలుస్తారు, మాటలు ఇతను రాయాలి. పొద్దున టిఫిన్ తినేలోపు రెండు సీన్లు పంపాలి. ఎవరైనా షూటింగుకి రాకపోతే ఆ పాత్రను ఊరికి పంపించాలి, లేదంటే ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడుకోబెట్టాలి. "నేను రైటర్ని కాదు భాగ్యా, డాక్టర్ని" అని తనమీద తనే జోకులు వేసుకునేవాడు. నాటకం మాటెత్తితే మాత్రం గొంతు తగ్గించేవాడు.

"రాస్తున్న. లక్కగాజులు చేసే నర్సవ్వ కథ. గది నీదే. ఇంకెవ్వరు చెయ్యలేరు."

ఆ ఒక్క మాట పట్టుకుని ఎన్నో ఏళ్లుగా ఎదురుచూస్తోంది భాగ్యశ్రీ. లాడ్ బజార్ వైపు వెళ్లినప్పుడల్లా గాజుల దుకాణాల వెనక వీధిలో ఆగేది. కుంపటి ముందు కూర్చుని, వేడికి మెత్తబడ్డ లక్కని వేళ్లతో గుండ్రంగా తిప్పే ఆడవాళ్లను చూసేది. వాళ్లు చురుక్కుమన్న వేలిని నోట్లో పెట్టుకోరు, చెవి తమ్మెకు తాకిస్తారు. దాన్నే ఇంట్లో పెనం ముందు నిలబడి సాధన చేసింది. కృపాకర్‌కి కూడా చెప్పలేదు. స్టేజీ మీద చూసి ఆశ్చర్యపోవాలని.

ఈలోగా తన మాటలు ఒక్కొక్కటే వదిన నోట్లోకి వెళ్లిపోతున్నాయి. ఆ వదిన వేషం వేసే పిల్ల పేరు మాహిరా. కార్వాన్ పిల్ల. బస్సులో పక్క సీటు ఆడవాళ్లు ఆమె చీరల గురించి మాట్లాడుకుంటారు. భాగ్యశ్రీ ఇరవై ఏళ్లు స్టేజీ మీద గొంతు చించుకుంటే ఆ బస్సులో ఒక్కరు కూడా గుర్తుపట్టలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చిన కృపాకర్ దిగులుగా కనిపించాడు.

"సీరియల్ రేటింగు పడిపోతుందంట భాగ్యా. ఎవర్నో ఒకర్ని చంపమంటున్నరు. మామని చంపాల్నా, వదినని చంపాల్నా, నన్నే తేల్చమన్నరు."

భాగ్యశ్రీ కిటికీలోంచి బయటికి చూసింది. గొంతు తడబడకుండా జాగ్రత్తపడింది.

"మామ పోతే ఎవరేడుస్తరన్నా? వయసైపోయింది, పోయిండు అంటరు. వదిన పోతే ఇల్లిల్లు ఏడుస్తది. మా అత్తమ్మ అన్నం తినది."

కృపాకర్ ఆమె వైపు అలాగే చూశాడు. "నిజమే గదా" అన్నాడు. "నువ్వు గూడ టీవీకి రాయాల్సిందే."

అది సలహా అని అతను అనుకున్నాడు. సలహాయే. కాకపోతే కడుపుమంటలోంచి వచ్చిన సలహా.

వదిన బస్సు ప్రమాదంలో పోయింది. గోడ మీద మాహిరా ఫొటో, దానికి ప్లాస్టిక్ మల్లెల దండ. ఆ రోజు కృష్ణమ్మ నిజంగానే అన్నం తినలేదు. భాగ్యశ్రీ మాత్రం ఇంకో గరిటె పప్పు వేసుకుంది. మరుసటి రోజు బస్సులో ఆడవాళ్లు ముక్కులు తుడుచుకుంటుంటే కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నవ్వు ఎక్కడ కనిపిస్తుందోనని.

నెల తిరక్కుండానే కృపాకర్ కబురు పెట్టాడు. నర్సవ్వ నాటకం పూర్తయిందట. శాలిబండలో బడి హాల్లో రెండు రోజులు వేస్తారట. భాగ్యశ్రీ ఆఫీసు నుంచి ఆటో దొరికేదాకా ఆగలేక సగం దూరం నడిచింది. మెట్ల దగ్గర చెప్పులు విడవబోయి ఆగింది. అక్కడ ఇంకో జత ఉంది. మెరిసే చెప్పులు.

కిటికీ పక్కన, తను కూర్చునే చోట, మాహిరా కూర్చుని ఉంది.

"రా భాగ్యా. నీ పుణ్యమే ఇదంత" అన్నాడు కృపాకర్ సంతోషంగా. "సీరియల్ల ఉన్నన్నాళ్లు ఈ పిల్లకి ఒక్క రోజు ఖాళీ లేకుండె. ఇప్పుడు దొరికింది. నర్సవ్వ ఈమె చేస్తే హాలు నిండుతది. టీవీ మొఖం చూడనీకి జనం వస్తరు."

భాగ్యశ్రీ నిలబడే ఉంది. "మరి నేను?"

కృపాకర్ ఆమె కళ్లలోకి చూడలేదు. చేతిలో కాగితాలు సర్దుకున్నాడు.

"ఈమెకి తెలుగు మాట్లాడొస్తది, చదవరాదు. ఉర్దూల చదివింది. సెట్టుల అసిస్టెంటు పక్కనుంచి మాట అందిస్తే అదే చెప్తది. తెర పక్కన నిలబడి మాట అందియ్యాలె. నీ అంత మంచిగ ఎవరందిస్తరు?"

మాహిరా లేచి నిలబడింది. "అక్కా, మీరు లేకుంటే నేను చెయ్యనని చెప్పిన. నాకు స్టేజీ అంటే మస్తు డర్."

కాదని వెళ్లిపోవచ్చు. కానీ వెళ్లిపోతే ఆ కిటికీ పక్క చోటు కూడా పోతుంది. "సరే అన్నా" అంది భాగ్యశ్రీ.

రిహార్సల్స్ మొదలయ్యాయి. భాగ్యశ్రీ మాటలు తప్పు లేకుండా అందించింది. అయితే ఉప్పూకారం లేకుండా అందించింది, కరెంటు బిల్లు చదివినట్టు. ఏ మాట దగ్గర ఊపిరి బిగబట్టాలో, ఏ మాట మెల్లగా జారవిడవాలో, అవన్నీ తన దగ్గరే దాచుకుంది. చెవి తమ్మె సంగతి సరేసరి. నర్సవ్వ వేలు కాలే చోట మాహిరా ఉఫ్ ఉఫ్ అని ఊదుకునేది. టీవీలో లాగా. భాగ్యశ్రీకి లోలోపల ఎంత హాయిగా ఉండేదో. అంతలోనే విరామంలో ఆ పిల్ల వచ్చి, "చాయ్ తాగుతరా అక్కా?" అని గ్లాసు అందించేది. ఆ చాయ్ కూడా తీయగానే ఉండేది, అదొక బాధ.

మొదటి రోజు హాలు కిక్కిరిసింది. పోయిన వదిన బతికొచ్చిందన్నట్టు ఈలలు వేశారు. ముందు వరసలో కృష్ణమ్మ. కృపాకర్ అవతలి తెర పక్కన, ఇవతలి పక్కన భాగ్యశ్రీ.

నాటకం చివరలో గాజుల దుకాణం సేటు వస్తాడు. నీ గాజుల్లో పగుళ్లున్నాయి, రేపటి నుంచి రావద్దంటాడు. అప్పుడు నర్సవ్వ జవాబివ్వాలి. మాహిరా మాట కోసం చెవి రిక్కించింది.

భాగ్యశ్రీ పెదవి కదపలేదు.

ముందుగా అనుకున్నది కాదు. నోరు తెరవబోయింది, తెరుచుకోలేదు. ఈ మాట ఒక్కటైనా తన దగ్గరే ఉండనీ అనిపించింది. మాహిరా ఇంకొంచెం ఆగింది. తరవాత మెల్లగా తల తిప్పి తెర వైపు చూసింది. నీళ్లలో పడ్డ మనిషి గట్టు వైపు చూసినట్టు, నేరుగా భాగ్యశ్రీ కళ్లలోకి. హాల్లో ఈలలు వేసినవాళ్లు కూడా ఊపిరి తీయడం మర్చిపోయారు. తరవాత ఎక్కడో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది.

భాగ్యశ్రీ గబగబా మాట అందించింది. చప్పట్లలో అదెవరికీ వినిపించలేదు కూడా. తెర పడింది.

మాహిరా లోపలికి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల చేతులు మంచులా ఉన్నాయి. ఏదో అనబోయేంతలో కృపాకర్ పరుగున వచ్చాడు.

"ఏం చూపమ్మా అది. నేను రాయనే లేదు గదా. ఎవరు చెప్పిండ్రు నీకు?"

మాహిరా భాగ్యశ్రీ వైపు ఒక్కసారి చూసింది. "అక్కనే చెప్పింది" అంది.

కృపాకర్ భాగ్యశ్రీ భుజం తట్టాడు. "రేపు గూడ గాడనే ఆపు. మర్చిపోకు."

ఆ పిల్లకి తెలిసిందా, తెలియలేదా? తెలిసి దాచిందా? భాగ్యశ్రీ ఇంటికి వెళ్లేదాకా అదే ఆలోచించింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టినవాళ్ల మీద ఏడవడం సుళువు.

రెండో రోజు కూడా కృష్ణమ్మ ముందు వరసలోనే కూర్చుంది. నాటకం చివర అదే చోట భాగ్యశ్రీ ఆపింది. మాహిరా తల తిప్పి చూసింది. అయితే ఆ కళ్లలో నిన్నటి భయం లేదు. అక్క ఉందిలే అన్న ధీమా ఉంది. చప్పట్లు పడ్డాయి కానీ పలచగా పడ్డాయి. ఆ తేడా హాల్లో జనానికి తెలియదు. అవతలి తెర పక్కన కృపాకర్‌కి తెలిసింది, కనుబొమలు ముడిపడ్డాయి. అది చూసి సంతోషించాల్సిన భాగ్యశ్రీకి ఎందుకో ఒళ్లు మండింది. తన నర్సవ్వ చప్పగా చచ్చిపోతోంది. వదినకైతే దండ వేయించింది సరే, నర్సవ్వకి ఎలా వేస్తుంది?

కుడి చెయ్యి పైకెత్తి, వేలు కాలినట్టు చెవి తమ్మెకు తాకించి చూపించింది. మాహిరా కనురెప్ప వేయకుండా అదే చేసింది. అప్పుడు భాగ్యశ్రీ ఊపిరి బిగబట్టి, నర్సవ్వ జవాబుని, ఇన్నేళ్లూ పెనం ముందు నిలబడి సాధన చేసిన గొంతుతో, మెల్లగా అంది.

"గాజు పలిగితే ఇంకోటి జేస్త సేటూ. ఈ చెయ్యి కాలితే ఇంకోటి ఎవరు జేస్తరు?"

మాహిరా ఆ మాటని చెదరకుండా అందుకుంది. అదే ఊపిరి, అదే విరుపు. తన గొంతు ఇంకో మనిషిలోంచి హాలంతా నిండుతుంటే భాగ్యశ్రీ తెర గుడ్డని పిడికిట్లో బిగించి పట్టుకుంది. ఈసారి చప్పట్లు రావడానికి చాలాసేపు పట్టింది. జనం మొదట కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున కృష్ణమ్మ ఇంకా ఆ మత్తులోనే ఉంది. చాయ్ గ్లాసు పట్టుకుని, వేలు చెవికి తాకించుకుని చూసుకుంది.

"ఎట్ల జేసిందే ఆ పిల్ల. నిజంగ కాలినట్టే ఉండె. నువ్వు పక్కనే ఉన్నవ్ గదా, జర ఆమె దగ్గర నేర్చుకోరాదు?"

పెనం మీద రొట్టె మాడుతోంది. భాగ్యశ్రీ చేత్తోనే దాన్ని తిప్పేసింది. వేలు చురుక్కుమంటే చెవి దాకా వెళ్లిన చెయ్యిని మధ్యలోనే ఆపి, కొంగుకి తుడుచుకుంది.

"నేర్చుకుంట అత్తమ్మా" అంది.