కారం ఎవరి పక్షం?

చేపల పులుసు తిన్న కొత్తల్లుడు నరేంద్రబాబు చెంబుడు నీళ్ళు తాగినా నోటి మంట తగ్గలేదు. చేపల మీద పెరుగు పెట్టకూడదాయె! అత్తగారు వెంకటశేషమ్మకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే కోడలు ఉషారాణి గబగబా వేడన్నంలో నెయ్యి కలిపి పెట్టింది. నాలుగు ముద్దలకే మంట దిగింది.

“అదేం మంత్రమే?”

“మంత్రం కాదత్తా. నీటి అణువుకు ప్లస్సు, మైనస్సు కొనలుంటాయి. ఉప్పులోనూ ప్లస్సు, మైనస్సు ఉండాయి గనక నీళ్ళలో కరుగుతాది. నూనెకూ నేతికీ అవి లేనట్టే, కారానికీ లేవు. అందుకే కారం నీళ్ళకు లొంగదు, నేతిలోకి దిగిపోతాది.”

కోడలి తెలివికి మురిసిపోతూ వెంకటశేషమ్మ పులుసు దాకలోకి చూసింది. అంచున మిగిలిన నూనె ఎర్రగా మెరుస్తోంది. ఆమె నాలిక కరుచుకుంది.

“అయ్యో! మర్యాదని పైన తేలిన నూనంతా అల్లుడికే పోసినా గదమ్మా!”