తొమ్మిది వందల పది గ్రాములు

సీసా మెడదాకా నూనె వచ్చేసింది. కాటా మీద చూస్తే ఇంకా తొంభై గ్రాములు తక్కువే ఉంది. ఎలీషబా కుళాయి కట్టేసి, గరాటును చేతిలోనే పట్టుకుని నిలబడింది.

“కిలో అడిగినావు, లీటరు సీసా తెచ్చినావు. మిగిలింది దేంట్లో పొయ్యనక్కా?”

పెద్దారవీడు నుంచి వచ్చిన శ్యామలమ్మ సీసాను వెలుతురుకెత్తి చూసింది. “నిండింది గదా. నిండితే కిలో అయినట్టే.”

“కాదక్కా. నూనె తేలిక. లీటరు తూస్తే తొమ్మిది వందల పది గ్రాములే వస్తది.”

“నీళ్లు లీటరుకి కిలో తూగుతాయి. నూనె నీళ్లకన్నా చిక్కన. ఇంకా ఎక్కువ తూగాల.”

ఎలీషబా ఒకసారి కళ్లు మూసుకుని తెరిచింది. దుకాణంలోకి కాటా వచ్చినప్పటి నుంచీ ఇదే గోల. కిలో అడిగినవాళ్ల సీసాలు పొంగిపోతాయి. లీటరు అడిగినవాళ్లు కాటా వంక చూసి, మిగతా తొంభై ఎవరు మింగారని నిలదీస్తారు. చెప్పీ చెప్పీ ఆమె నోరు ఎండిపోతుంది.

“కిలో అన్నా లీటరన్నా ఒకటేలేమ్మా. తీసకపో,” వెనక బెంచీ మీంచి గొంతు వినబడింది. అది దుకాణం యజమాని వెంకటసుబ్బయ్యది. ఎనభై దాటిన మనిషి, చెవికి మిషను లేందే వినపడదు.

“చూడు, ఆయనే చెప్తుండె,” అంది శ్యామలమ్మ.

ఎలీషబా మిగిలిన నూనెను ప్లాస్టిక్ సంచిలో పోసి, మూతి ముడేసి ఆమె చేతిలో పెట్టింది.

భర్త నిత్యానందం పలకల గనుల్లో దుమ్ము మింగి మింగి పోయాక, చంటిబిడ్డ జెస్సీని చంకనేసుకుని ఆమె ఈ గుమ్మం ముందు నిలబడింది. వెంకటసుబ్బయ్య లీటరు డబ్బా చేతికిచ్చాడు. “నిండా ముంచు, పొయ్యి. సీసాలో చోటుంటే ఇంకొంచెం పొయ్యి,” అన్నాడు. ఆయన నేర్పింది అంతే. ఆ డబ్బాతోనే జెస్సీ పెరిగి, నర్సై, గిద్దలూరులో కాపురం పెట్టింది. ఆదివారం ఎంత రుద్దుకుని స్నానం చేసినా నూనె వాసన వదలదు. ఏసు గుడిలో పక్కన కూర్చున్నవాళ్లు మెల్లగా అటు జరుగుతారు. ఆమె చూడనట్టే పాట అందుకుంటుంది.

మధ్యాహ్నం ఆదెయ్య వచ్చాడు. లీటరు పోయించుకుని, కాటా చూసి మొహం మాడ్చుకున్నాడు. ఆమె మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. సగంలో వెనక నుంచి, “ఒకటేలే ఆదెయ్యా,” అన్నాడు ముసలాయన.

గరాటు డ్రమ్ము మీద ఠంగున పడింది.

“పెద్దయ్యా, నేను గొంతు చించుకుంటాంటే మీరొచ్చి ఒక్క ముక్కతో పాడు చేస్తిరి. ఇంక ఈ పొద్దు మీరు నోరు తెరవొద్దు. మీకు దండం పెడతా.”

ఆయన గోడకు ఆనుకుని తల అటు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత పొద్దు సాఫీగా గడిచింది. ఆమె చెప్పింది చెప్పినట్టు విని, తలూపి వెళ్లారు జనం. ఇన్నేళ్లకు ఒక్కపూట తన మాట చెల్లిందని ఆమెకు హాయిగా కూడా అనిపించింది. సాయంత్రం ఒకావిడ నమ్మలేక లోపలికి తొంగిచూసి, “ఏం పెద్దయ్యా, రెండూ ఒకటేనా?” అని అడిగింది. ఎలీషబా ఆయన జవాబుకు ఎదురుజవాబు సిద్ధం చేసుకుని ఆగింది.

జవాబు రాలేదు.

“కునుకు పట్టినట్టుంది,” అంది ఆవిడ.

ఎలీషబా వెళ్లి ఆయన మణికట్టు పట్టుకుంది. నూనె చేతికి అది జారింది. చీరకు తుడుచుకుని మళ్లీ పట్టుకుంది. చల్లగా ఉంది.

ఇంటివాళ్లు వచ్చి, ఆయన్ను ఆటోలో పడుకోబెట్టి తీసుకుపోయారు. ఆమె దుకాణం మూయడానికి లోపలికి వచ్చింది. ఎక్కడి నుంచో కీచుమని సన్నటి చప్పుడు. బెంచీ మీదకు వంగి చూసింది. ఆయన చెవి మిషను. విసుగు పుడితే తీసి పక్కన పెట్టుకోవడం ఆయనకు అలవాటు. నోరు తెరవొద్దన్న తన మాట చెవిన పడకముందే తీశాడో, పడ్డాక తీశాడో.

“పెద్దయ్యా,” అంది, ఎవరూ లేని దుకాణంలో.

బెంచీ మీద ఆ మిషను సన్నగా కూస్తూనే ఉంది.