వీపు దిండు

జక్కూర్ బండి ఇరుసుకు మాడిపోయిన ఇంజను నూనె పూస్తున్నాడు. రోజూ పొద్దున్నే చేసే పనే. నాలుగు చెక్కలు, రెండు ఇనుప చక్రాలు, తోయడానికి ఒక అడ్డకర్ర. ఈ రోజు ఎక్కించాల్సింది మాత్రం గోనెసంచులు కాదు, భార్య నజ్మియేని. చక్కెర జబ్బు ముదిరి నిరుడే ఆమె కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ముట్టడి మొదలయ్యాక సూదిమందు దొరకడం మానేసింది. ఇప్పుడు రెండో కాలి వేళ్లు నల్లబడుతున్నాయి.

తూర్పు అలెప్పోలో మిగిలినవాళ్లంతా ఖాళీ చేసి పోవాలని ముట్టడించిన సైన్యంతో ఒప్పందం కుదిరింది. పచ్చ బస్సులొచ్చి ఊరి బయటికి చేరుస్తాయి. అక్కణ్ణుంచి రోగుల్ని సరిహద్దు దాటిస్తున్నారు. అవతల కూతురు హస్నా ఉంది, ఆసుపత్రి ఉంది. బస్సెక్కితే నజ్మియే బతుకుతుంది, లేకపోతే లేదు.

"పరుపు తగలెట్టావా?" లోపల్నుంచి అడిగింది నజ్మియే.

"తగలెట్టా."

"అద్దాల బీరువా?"

"అదీ అయింది."

"నా బీరువా ఎవడో ఎత్తుకుపోయి సంతలో పెట్టి అమ్ముకుంటాడని తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతోంది."

"మండనీ. చలికాలం కదా."

ఆమె నవ్వింది. వీధిలో అందరి గుమ్మాల ముందూ సామాన్లు కాలుతున్నాయి. రేపు ఊళ్లో దిగి దోచుకునేవాళ్ల చేతికి చెంచా కూడా చిక్కకూడదని జనం పంతం పట్టారు.

జక్కూర్ ఆమెను ఎత్తి బండిలో పడుకోబెట్టి, తల కింద తన వీపు దిండు పెట్టాడు. గడ్డి కూరిన పాత తోలు దిండు అది. మోతకూలీలు బరువు ఎముకకు ఒరుసుకోకుండా నడుముకు కట్టుకుంటారు. తండ్రి నుంచి వచ్చింది. దాన్ని కట్టీ కట్టీ జక్కూర్ మెడ భుజాల్లోకి దిగిపోయింది. ఏమీ మొయ్యనప్పుడు కూడా నేల చూస్తూనే నడుస్తాడు.

చిన్నప్పటి నుంచి అతని బతుకంతా పాత బజారులో, సబ్బుల ఖాన్ అనే పాత సరుకుల సత్రం గుమ్మం దగ్గర. పైకప్పు ఉన్న ఆ ఇరుకు సందుల్లో బరువుతో వస్తూ "వీపు! వీపు!" అని అరిస్తే, ఎంత పెద్ద షావుకారైనా తన వీపు కాచుకుని గోడకు అంటుకుపోవాల్సిందే. గుమ్మం దగ్గర కూలీలకు వరస ఉండేది. వరస తప్పినవాడితో ఎవరూ రొట్టె పంచుకునేవారు కాదు. జక్కూర్ ఒక్కనాడూ తప్పలేదు.

యుద్ధమొచ్చిన ఏడాదే బజారు కాలిపోయింది. ఎవరు గెలిచారని ఎవరైనా అడిగితే జక్కూర్ చెప్పలేడు. ఏం మోశాడో చెప్పగలడు. ఊరు రెండు ముక్కలైనప్పుడు, రెంటికీ మధ్య మిగిలిన బుస్తాన్ అల్ ఖస్ర్ దాటు దగ్గర తుపాకీ గురి కింద ఇవతలి టమాటాలు అవతలికి, అవతలి మందులు ఇవతలికి తోశాడు. ఆ దాటు మూసేశాక, ఆకాశం నుంచి బాంబు పీపాలు పడ్డ వీధుల్లో గాయపడ్డ జనాన్ని బండిలో తోశాడు. ఈ వేసవిలో ఉత్తరాన మిగిలిన ఒక్క దారీ తెగింది, బండి ఖాళీ అయింది. తర్వాత దక్షిణాన ముట్టడి పగిలిందని జనం వీధుల్లో ఎగిరి గంతులేశారు. అప్పుడు ఒక బండెడు వంకాయలు తోశాడు. నజ్మియే వాటిని ముద్దు పెట్టుకుంది. ఆ దారి కూడా నెల తిరక్కుండా మూసుకుపోయింది. శీతాకాలం రాగానే ఉత్తరపు పేటలు ఒక్క విసురులో సైన్యం చేతికి పోయాయి. ఆ వంకాయలే ఆఖరి సరుకు.

బస్సులు ఆగే చోట వేలమంది ఉన్నారు. మంచు కురుస్తోంది. జక్కూర్ చివర నిలబడ్డ ముసలాయన వెనక బండి ఆపాడు. పక్కింటి సత్తూఫ్ తన పసుపు టాక్సీ తెచ్చి అక్కడే నిలిపాడు. ముట్టడి నాళ్లలో పెట్రోలు లేక దాన్ని తోసుకుంటూ తిరిగిన మనిషి.

మొదటి బస్సులు వచ్చాయి. జనం ఒక్కసారి ఎగబడ్డారు. ముసలాయన్ని కూడా ఎవరో లాక్కుపోయారు.

"తోసుకుపోవయ్యా!" అంది నజ్మియే.

"వరస ఉందే. మనకంటే ముందొచ్చినోళ్లు..."

"ఏదీ, ఎక్కడుంది నీ వరస?"

జక్కూర్ ముందుకు చూశాడు. వరస లేదు, మోచేతులున్నాయి. అయినా అతని కాళ్లు కదల్లేదు. బస్సులు నిండి వెళ్లిపోయాయి. ఆ తర్వాత దారిలో ఏదో తగాదా వచ్చిందని మధ్యాహ్నం దాకా ఒక్కటీ రాలేదు. నజ్మియే పెదాలు నీలంగా మారాయి.

సత్తూఫ్ టాక్సీ ట్యాంకు అడుగున మిగిలిన పెట్రోలు చుక్కలు సీట్ల మీద చల్లి అగ్గిపుల్ల గీశాడు. రబ్బరు పొగ గొంతులో పడుతున్నా జనం చుట్టూ మూగారు. అది కాసేపటికే ఆరిపోయింది.

"అన్నా, బండి విరగ్గొట్టు. వదిన బిగుసుకుపోతోంది," అన్నాడు సత్తూఫ్.

"బండి లేకపోతే ఈమెనెట్లా తీసుకెళ్లేది?"

"బండిని బస్సెక్కనిస్తారనుకున్నావా? అది నీ రెండో పెళ్లామని అందరికీ తెలుసులే. మొదటిదాని సంగతి చూడు."

జక్కూర్ నజ్మియేని దుప్పటితో సహా నేల మీదికి దించాడు. దిండు తల కిందే ఉంచాడు. ఒక్కో చెక్కా పాదంతో తొక్కి విరిచాడు. నూనె పీల్చిన చెక్కలు గుప్పున అంటుకున్నాయి. ఆమె మొహం మీదికి ఎర్రటి వెలుగు వచ్చింది.

"వంకాయ కాల్చినట్టుంది వాసన," అంది నజ్మియే.

"హస్నా దగ్గర కాల్చుకుందాం. నువ్వు పడుకోకు."

"పడుకోలేదులే," అంది ఆమె కళ్లు మూసుకుని.

చెక్కలు బూడిదయ్యే వేళకు మలుపులో పచ్చరంగు కనబడింది. జనం లేచారు. జక్కూర్ మోకాళ్ల మీద కూర్చుని, ఆమె చేతులు మెడ చుట్టూ వేసుకుని, నడుం బిగించి లేచాడు. లేస్తూనే తెలిసిపోయింది. బతికున్న మనిషి మోసేవాడితో పాటు తనూ కాస్త లేస్తుంది. ఈ బరువు లేవలేదు. గోనెసంచిలా కిందికి లాగింది.

పొద్దున ఈ గుంపును చీల్చుకుని పోయుంటే ఈమె ఇప్పుడు ఆసుపత్రి మంచం మీద ఉండేది. ఆ సంగతి జక్కూర్‌కు బాగా తెలుసు. ఇక చచ్చేదాకా తెలుస్తూనే ఉంటుంది.

"అన్నా, వదిన..." అన్నాడు సత్తూఫ్, జారుతున్న ఆమె చెయ్యి పట్టుకుని.

"నిద్రపోతోంది. నువ్వు నోరు మూసుకుని నా వెనక రా," అన్నాడు జక్కూర్. ఆమెను ఈ రోడ్డు పక్కన వదిలి వెళ్లడం అతని వల్ల కాదు.

తల దించి, గుంపులోకి దూరి, కాలిపోయిన బజారు దాకా వినబడేలా అరిచాడు.

"వీపు! వీపు!"

ఆ కేక అలెప్పో వాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. తోసుకుంటున్న వాళ్లు తోసుకుంటున్నట్టే ఆగి, తమ వీపులు కాచుకుని అటూ ఇటూ జరిగారు. బస్సు తలుపు దాకా సందు ఏర్పడింది. ఆ సందులోంచి జక్కూర్ ఏడుస్తూ, అరుస్తూ నడిచాడు. తలుపు దగ్గరున్న మనిషి దుప్పటి వైపు చూశాడు, జక్కూర్ మొహం వైపు చూశాడు, పక్కకు తప్పుకున్నాడు.

బస్సు కదిలింది. రోడ్డు మీద రెండు ఇనుప చక్రాలు, పొగలు చిమ్ముతున్న బూడిద, పక్కనే తోలు దిండు మిగిలాయి. దిండు మధ్యలో తల ఆనిన గుంట ఇంకా అలాగే ఉంది. అందులో మంచు పడుతోంది.